కొయ్యూరు కొండలలో చిన్న జట్ల బంతియాటలు

కొయ్యూరు అను పేరు వినినంతనే తెలుగువారికి స్మరణకు వచ్చునది 1924 మే 7వ తేదీ. మంప వద్ద పట్టుబడిన అల్లూరి సీతారామరాజును ఆనాడు కాల్చి చంపినది ఈ కొయ్యూరులోనే. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో నున్నది. పూర్వము విశాఖపట్టణము జిల్లాలో భాగముగా నుండిన ఈ మండలము 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి ఆయన పేరిట ఏర్పడిన జిల్లాలో చేరినది. జాతీయ సేవా పథకము శిబిరము నిమిత్తము మన కళాశాల ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులము ఇద్దరు ఉపన్యాసకులతో కూడి నర్సీపట్నము మీదుగా అచ్చటికి పోయినపుడు మా మనస్సులలో నిండియున్నది ఆ చరిత్రయే. తిరిగి వచ్చునపుడు మాత్రము బస్సులో మేము మాటలాడుకొనినదంతయు ఒక బంతిని గూర్చి. ఆ సంగతినే ఈ వ్యాసమున కళాశాల కమిటీ పెద్దలకును, సోదర విద్యార్థులకును విన్నవింపదలచితిమి.

మా శిబిరము ఒక ఆశ్రమ పాఠశాల ప్రక్కనే జరిగినది. ఉదయమంతయు దారి చదును చేయుట, కాలువలు బాగుచేయుట మా పని. సాయంకాలము బడి పిల్లలతో ఆటలు. మొదటినాటి సాయంకాలము వ్యాయామోపాధ్యాయుడు బీరువా తాళము తీసి ఒక ఫుట్‌బాలు మా చేతికిచ్చిరి. గాలి నిలిచెడి బంతి అదియొక్కటే. మేము మహోత్సాహముతో రెండు వైపుల పదునొకండుగురు చొప్పున నిలబెట్టి, ఈల యూది ఆట ప్రారంభించితిమి. మైదానము ఒక వైపునకు వాలుగా నున్నది. క్రింద జీడిమామిడి తోట. పొడవైన అబ్బాయిలు ఐదారుగురు బంతిని తమలో తామే తన్నుకొనుచుండిరి. మిగిలినవారు జట్టులో నుండియు నిలుచుండిరి. జట్టులో చోటు దొరకని పిల్లలు గట్టుమీద కూర్చుండిరి. నాలుగైదు నిమిషములకొకసారి బంతి దొర్లి తోటలో పడుచుండెను. దానిని తెచ్చుటకు ఆరవ తరగతి పిల్లవాడొకడు పరుగెత్తుచుండెను. ఆ సాయంకాలము అందరికంటె ఎక్కువగా పరుగెత్తినవాడు ఆటలో లేని ఆ పిల్లవాడే!

బాలికలందరును గోడవెంట బారులు తీరి చూచుచుండిరి. మాలో నొక సోదరి వారిలో నొక అమ్మాయి దగ్గరకు పోయి, "నువ్వు ఆడవా చెల్లీ?" అని యడిగెను. "బంతి మా దాకా రాదు కదక్కా" అని ఆ అమ్మాయి నవ్వుచునే చెప్పెను. ఆమె చెప్పినది నిజము. బంతి వారి దాకా రాకుండునట్లు ఆటను ఏర్పాటు చేసినవారము మేమే.

ఆ రాత్రి మాలో వాదోపవాదములు జరిగినవి. కొండ పిల్లలకు ప్రత్యేకముగా వ్యాయామమెందుకు, పుట్టినది మొదలు ఎక్కుటయు దిగుటయు వారికి నిత్యకృత్యమే గదా యని కొందరనిరి. ఊరిలోనుండి నడచివచ్చి, సెలవు దినమున తల్లిదండ్రులతో పోడు భూమికిపోవు పిల్లల విషయమున ఆ మాట కొంతవరకు సరియే. కాని ఆశ్రమ పాఠశాలలో చదువు పిల్లల దినచర్య వేరు. నిద్రించు గది, తరగతి గది, భోజనశాల అన్నియు ఒకే ఆవరణలో నుండును. పగలు పాఠములు, సాయంకాలము పర్యవేక్షణతో కూడిన చదువు. పరీక్షలు దగ్గరపడినచో ఆటల గంటను మొదట మ్రింగునది లెక్కల పాఠమే. కొండ ఎక్కెడి కాలు బల్లక్రింద ముడుచుకొని దినములు గడపుచున్నది.

ఇది కొయ్యూరు పిల్లలకే వచ్చిన అవస్థ గాదు. 5 నుండి 17 సంవత్సరముల వయస్సు గలవారు దినమునకు సగటున 60 నిమిషములైన ఊపిరి వేగము పెరుగునంతటి శారీరక శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకములలో చెప్పినది. వారమునకు మూడు దినములైన ఎముకలను, కండరములను గట్టిపరచు వ్యాయామము ఉండవలెనని గూడ అందులో గలదు. ఆ సంస్థ నిపుణులు 146 దేశముల సమాచారమును క్రోడీకరించి 2019లో ప్రచురించిన అధ్యయనము ప్రకారము, 2016 నాటికి 11 నుండి 17 సంవత్సరముల బడి పిల్లలలో నూటికి 81 మందికి ఆ గంట సేపటి శ్రమ లేదు. బాలురలో ఈ సంఖ్య 78, బాలికలలో 85. గోడవెంట నిలిచిన మన కొండ చెల్లెండ్రు ఈ లెక్కలో ఎచ్చట నున్నారో చెప్పనక్కరలేదు.

మరునాడు మాలో గణితశాస్త్ర విద్యార్థి యొకడు నల్లబల్లమీద ఒక చిన్న లెక్క వేసెను. ఆటల గంట నలువది నిమిషములు. పిల్లలు నలువది మంది. బంతి ఒకటి. అందరికిని సమానముగా పంచినను ఒక్కొక్కరికి ఒక నిమిషము. సమానముగా పంచబడదని మొదటినాడే చూచితిమి. అదే నలువది మందిని నలుగురేసి చొప్పున పది జట్లుగా విభజించి, ఐదు బంతులిచ్చి, ఐదు చోట్ల ఆడించినచో ఒక్కొక్క బంతికి ఎనమండుగురు. అనగా తలకు ఐదు నిమిషములు. మిగిలిన ముప్పదియైదు నిమిషములును పిల్లవాడు నిలిచియుండుటకు వీలులేదు. బంతి ఎప్పుడును నాలుగడుగుల దూరములోనే యుండును. తాను కదలనిచో తన జట్టు ముగ్గురుగా మిగిలిపోవును. పదునొకండుగురిలో దాగియుండవచ్చును గాని నలుగురిలో దాగియుండుట సాధ్యము గాదు.

చిన్న జట్ల ఆటలనగా ఇంతే. ముగ్గురికి ముగ్గురు, నలుగురికి నలుగురు, మహా అయినచో ఐదుగురికి ఐదుగురు. ఆట స్థలము చిన్నది, నియమములు తక్కువ. ఇందు పిల్లవాడు పది గజములు పరుగెత్తును, ఆగును, ప్రక్కకు తిరుగును, ఎగురును, మరల పరుగెత్తును. ఈ ఆగుట, తిరుగుట, ఎగురుటలే ఎముకలమీద ఒత్తిడి కలిగించి వానిని గట్టిపరచును. విరామముతో కూడిన చిన్న చిన్న పరుగులు గుండెకును, ఊపిరితిత్తులకును మంచి సాధన. పిల్లలను ఇరువది నిమిషములు ఏకధాటిగా మైదానము చుట్టు పరుగెత్తుమన్నచో మూడవ చుట్టునకే మొగము వ్రేలవేయుదురు. బంతి వెంబడి అదే దూరము తమకు తెలియకయే పరుగెత్తుదురు. డెన్మార్కు దేశమున 8 నుండి 10 సంవత్సరముల బడి పిల్లలతో పది మాసములపాటు, వారమునకు మూడు సారులు, సారికి నలువది నిమిషముల చొప్పున చిన్న జట్ల బంతియాటలు గాని, కండరముల వ్యాయామములు గాని చేయించి, మామూలు తరగతుల పిల్లలతో పోల్చి చూచిరి. పిల్లల ఎముకలకును కండరములకును మేలు కలిగినదని ఆ పరిశోధకులు 2018లో ప్రకటించిరి. అచ్చటి ఆటల గంటయు మన ఆటల గంట వంటిదే యగుట గమనింపదగినది.

పెద్ద ఆటను చిన్నది చేసికొనుట కొత్త సంగతి గాదు. దక్షిణ అమెరికాలోని మాంటెవీడియో నగరమున 1930లో హువాన్ కార్లోస్ సెరియానీ యను ఉపాధ్యాయుడు బాస్కెట్‌బాల్ స్థలమునందే ఐదుగురేసి జట్లతో ఫుట్‌బాలు ఆడించెను. అదియే నేటి ఫుట్సల్. బాస్కెట్‌బాలును ముగ్గురేసి జట్లతో సగము స్థలములోనే ఆడు పద్ధతి 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో చోటు సంపాదించినది. మన దక్షిణ దేశమునకు వచ్చినచో, తంజావూరులో పుట్టి తెలుగు కళాశాలలలో ఇల్లు కట్టుకొనిన బాల్ బ్యాడ్మింటన్ ఉండనే యున్నది. ఉన్ని బంతి, ఐదుగురు ఆటగాండ్రు, 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు గల స్థలము. అంతకంటె ముందునుండియు మన వీధులలో ఏడు పెంకులాట గలదు. గుడ్డ బంతి, ఏడు పెంకులు, రెండు చిన్న జట్లు. దీనిని ఆటల గంటలో చేర్చుటకు ఎవ్వరి అనుమతియు అవసరము లేదు. అయినను చేర్చినవారిని మేము చూడలేదు.

ఈ సందర్భమున మన ఉర్దూ సోదరులు ప్రేమతో తలచుకొను ఒక ఉపాధ్యాయుని గూర్చి చెప్పక తప్పదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడు. హైదరాబాదులోని కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పాఠములు చెప్పినవాడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియయ్యెను. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు ఐదు సంవత్సరములు వరుసగా రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణ పతకములు సాధించినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానమున నిలిచినది. 1963లో ఆయన పరమపదించెను. ఈ విజయములు అందరెరిగినవే. మాకు పనికివచ్చినది ఆయన అంతగా ప్రచారములోనికి రాని మరియొక పని. కుఱ్ఱవాండ్రకు ఆయన వింత పోటీలు పెట్టెడివాడు. ఒక పోటీలో బంతిని కాలివద్ద ఉంచుకొని ముందుకు నడిపించుకొనిపోరాదు, వెంటనే తోటివానికి అందింపవలెను. మరియొకదానిలో వాటము లేని కాలితోనే ఆడవలెను. ఆయన కోరినది నైపుణ్యము. మేము కోరునది పిల్లలందరును కదలుట. ఉద్దేశములు వేరైనను కీలకము ఒక్కటే. ఉపన్యాసము వలన పిల్లల ఆట మారదు, నియమమును మార్చినచో మారును.

రెండవనాటి నుండి మేము చేసినది ఆ కీలకమును ఆధారము చేసికొనియే. మొదట స్థలము. అంతర్జాతీయ ప్రమాణముగల ఫుట్‌బాలు మైదానము 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అనగా 7,140 చదరపు మీటర్లు. అంత చదునైన నేల కొండలలో దొరకినచో ముందుగా వరి నాటుదురు గాని పిల్లలకు విడిచిపెట్టరు. నలుగురేసి ఆడుటకు 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు చాలును. 300 చదరపు మీటర్లు! అట్టి ముక్కలు కొండ యూరిలో ఎన్నియైన గలవు. బడి ముంగిలి, కోతలైన పిదప ఎండిన మడి, నూర్పిళ్ళు ముగిసిన కళ్ళము, వంటశాల వెనుకటి జాగా. పెద్ద మైదానము లేదని ఇన్నాళ్ళు విచారించిన బడికి ఒక్క పూటలో నాలుగు మైదానములు దొరకినవి. వాలు తప్పని చోట రెండు నిమిషములకొకసారి వైపులు మార్చితిమి. క్రింది వైపున వెదురు తడిక నొకటి అడ్డము కట్టగా జీడిమామిడి తోటకు పరుగులు తప్పినవి.

తరువాత బంతులు. నర్సీపట్నము నుండి మూడు రబ్బరు బంతులు తెప్పించితిమి. మిగిలినవి పిల్లలే చేసిరి. పాత గుడ్డలను గట్టిగా చుట్టి, దారముతో బిగించి, పైన సైకిలు ట్యూబు ముక్కలను పట్టీలుగా తొడిగిరి. అట్టి బంతి ఎక్కువగా ఎగురదు. వాలు నేలమీద అదియే దాని సుగుణము. గీతలకు ముగ్గుపిండి, గోలునకు రెండు రాళ్ళు. రాళ్ళ నడుమ మూడడుగుల కంటె ఎక్కువ ఎడము ఉంచలేదు. గోలుకీపరు లేడు, ఏలయనగా ఆ స్థానము నిలుచుండువాని స్థానము.

నియమములలో మాకు మిక్కిలి మేలు చేసినది ఒకటి. జట్టులోని నలుగురును బంతిని తాకినపిదపనే గోలు చెల్లును. ఈ నియమము పెట్టిన తొలి అయిదు నిమిషములు పెద్ద గందరగోళము. పొడవైన అబ్బాయిలు చిన్నవారిమీద కేకలు వేసిరి. ఒకడు అలిగి గట్టుమీద కూర్చుండెను. మేము నియమమును సడలింపలేదు. కొంతసేపటికి ఆ అబ్బాయిలే, "రారా, ఇటు రా, నీకే ఇస్తున్నా" అని చిన్నవారిని పిలువసాగిరి. చిన్నవాడు తాకనిదే గోలు లేదు గనుక చిన్నవానికి విలువ వచ్చినది.

ఒక పొరపాటు మేము చేసితిమని ఒప్పుకొనవలెను. మూడవనాడు వయస్సు చూడక జట్లు కట్టగా, తొమ్మిదవ తరగతి కుఱ్ఱవాడు తన్నిన రబ్బరు బంతి ఆరవ తరగతి బాలిక మొగమునకు తగిలినది. దెబ్బ పెద్దది కాకపోయినను ఆమె ఆనాడు మరల ఆడలేదు. నాటినుండి ఎత్తును బట్టి జట్లు కట్టితిమి. రాళ్ళు తేలిన నేలమీద కాలితో ఆడుట మాని, చేతితో విసరి అందుకొను ఆట ఆడించితిమి. పిల్లలలో అనేకులు వట్టికాళ్ళతో ఆడుదురు. కావున ఆటకు ముందు అందరును వరుసగా నడచి ముండ్లు, గాజుపెంకులు ఏరివేయుట మొదటి ఆటగా పెట్టితిమి.

బాలికల విషయము కొంత వివరముగా చెప్పవలెను. మొదటి రెండు దినములు వారికి ప్రత్యేకముగా ఒక స్థలము, వారిలోనే జట్లు ఏర్పరచితిమి. చూచువారు దగ్గర లేకుండుట వారికి ధైర్యమిచ్చినది. మా సోదరీమణులు చున్నీలు నడుమునకు బిగించి వారితో ఆడిరి. నాల్గవనాడు వారే వచ్చి అబ్బాయిలతో ఏడు పెంకులాట ఆడుదుమనిరి. అందు వారే గెలిచిరి. "బంతి మా దాకా రాదు" అనిన అమ్మాయి పెంకులను గురిచూచి కొట్టుటలో ఆ బడి మొత్తమునకు మేటియని అప్పుడే తెలిసినది. అన్ని సంవత్సరములు ఆ గురి ఎవ్వరికిని తెలియలేదు. మాకు ఈ శిబిరములో మనస్సునకు నాటిన సంగతి ఇదియే.

శ్రమ చాలినదో లేదో తెలిసికొనుటకు యంత్రములు అక్కరలేదు. ఆడుచున్న పిల్లవాడు మాటలాడగలిగి పాట పాడలేకపోయినచో మధ్యరకపు శ్రమ. నాలుగు మాటలకే ఊపిరి తీసికొనవలసివచ్చినచో తీవ్ర శ్రమ. మణికట్టు నాడిని పదునైదు సెకండ్లు లెక్కించి నాలుగుతో హెచ్చించుట పిల్లలకు నేర్పితిమి. ఆటకు ముందొకసారి, తరువాతనొకసారి. లెక్కల గంట మ్రింగిన ఆటల గంట ఈ విధముగా కొంత బదులు తీర్చుకొనినది.

ఒక హెచ్చరిక అత్యవసరము. గిరిజన ప్రాంతములలో సికిల్ సెల్ రక్తహీనత ఎక్కువగా కనబడును. దాని నిర్మూలనకై 2023 జూలై 1న జాతీయ స్థాయిలో ఒక కార్యక్రమము ప్రారంభమైనది. ఈ వ్యాధిగల పిల్లలకు నీరు తక్కువగుట, విరామము లేని కఠిన శ్రమ తీవ్రమైన నొప్పులు తెచ్చిపెట్టును. అట్లని వారిని గట్టుమీద కూర్చుండబెట్టుటయు న్యాయము గాదు. ఆరోగ్య కార్యకర్తనడిగి ఏ పిల్లలకు పరీక్షలో వ్యాధి తేలినదో తెలిసికొని, వైద్యుని సలహాపై, తక్కువ సేపు, నీడపట్టున, మాటిమాటికి నీరు త్రాగించుచు ఆడింపవలెను. నాలుగైదు నిమిషముల ఆట, రెండు నిమిషముల విరామము అను చిన్న జట్ల పద్ధతి ఇందుకు అనుకూలమైనది. పెద్ద ఆటలో అలసినవాడు అలసితినని చెప్పుటకు సిగ్గుపడును.

వ్యాయామోపాధ్యాయునికి ఒక సందేహము మిగిలినది. మండల, జిల్లా పోటీలలో బడికి పేరు రావలెనన్నచో పదునొకండుగురిని ఏరి, వారిచేతనే సాధన చేయింపవలెను గదా, అందరిని ఆడించినచో కప్పు ఎట్లు వచ్చునని ఆయన యడిగిరి. ఇది తోసిపుచ్చదగిన మాట గాదు. బడికి కప్పు వచ్చినచో ఆయన శ్రమ పదుగురి కంటబడును. నలువది మంది ఊపిరి బాగుపడినచో ఎవ్వరి కంటను బడదు. మేము చెప్పినదేమనగా, వారములో రెండు గంటలు జట్టునకు, తక్కిన గంటలు అందరికి. ఏరుటకు ఎదుట నిలుచువారు ఇరువది మందికి బదులు ఎనుబది మందియైనచో జట్టునకును మేలే. ఆయన పూర్తిగా ఒప్పుకొనలేదు. చూతమనిరి.

చట్టము విషయమున మాత్రము సందేహము లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధములో ప్రతి పాఠశాలకు ఆటస్థలము ఉండవలెననియు, అవసరమును బట్టి ప్రతి తరగతికి ఆటవస్తువులు, క్రీడా సామగ్రి సమకూర్పవలెననియు గలదు. బడికంతకు ఒక బంతి యనుట ఆ మాటకు సరిపడదు. అది బీరువాలో తాళము క్రింద నుండుట మరియు సరిపడదు. తాళము వేయువారి బాధయు మాకు తెలియును. బంతి పోయినచో జవాబు చెప్పవలసినది వారే. పిల్లలు చేసిన గుడ్డ బంతులకు ఆ భయము లేదు.

ఈ సందర్భమున మన ఇంటి సంగతియు చెప్పుకొనవలెను. మన కళాశాల మైదానమున సాయంకాలము ఇరువది యిద్దరు క్రికెట్ ఆడుదురు. వందలకొలది మంది చూచుదురు. సోదరీమణులు ప్రక్కదారిన ఇంటికి పోవుదురు. వార్షికోత్సవమున బహుమతులందుకొనువారు ఏటేట వారే. కొయ్యూరు గోడవెంట నిలిచిన బాలికలను చూచి జాలిపడిన మేము ఇన్నాళ్ళు మన గోడను చూడలేదు.

శిబిరములో మాకు వింతగా తోచిన మరియొక విషయము భాష. మాలో కొందరి యింట ఉర్దూ, కొందరి యింట తెలుగు. ఏజెన్సీలో కోందుల యింట కువి మాట వినవచ్చును. ఆటలో మాత్రము "ఇటు", "నాకు", "పట్టు" అను మూడు మాటలతో అందరి పని గడచినది. ఆరవనాటికి మా ఉర్దూ సోదరుడొకడు "షాబాష్" అన్నపుడెల్ల కళ్ళములోని పిల్లలందరును "షాబాష్" అని తిరిగి అరచుచుండిరి.

కడపటినాడు మూడు రబ్బరు బంతులను వ్యాయామోపాధ్యాయుని చేతికిచ్చితిమి. ఆయన వానిని బీరువాలో పెట్టలేదు. తరగతికొక బాధ్యురాలిని ఏర్పరచి ఆమెకప్పగించిరి. వారిలో నొకతె గురి తప్పని ఆ అమ్మాయి. తరగతులు ఐదు, బంతులు మూడు. తక్కిన రెండు తరగతులు గుడ్డ బంతులతో ఆడుచున్నవి. రాబోవు శిబిరమునకు పోవునపుడు పన్నెండు రబ్బరు బంతులు, ఒక గాలి పంపు తీసికొనిపోవుటకు క్రీడానిధి నుండి అనుమతి కోరుచు కమిటీ వారికి ఒక అర్జీ సమర్పించితిమి. అందులోనే రెండవ పేరాలో మన మైదానమున వారమునకు రెండు సాయంకాలములు చిన్న జట్ల ఆటలకు, అందొకటి సోదరీమణులకు, కేటాయింపవలెనని కోరితిమి.